పరధ్యానమట!

ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే ఆ హాల్లో ఆమెను ఎదురుగా పెద్దక్క అనేవాళ్లు, చాటుగా చిటపటక్క అనేవాళ్లు. రెండో పేరు సంగతీ ఆమెకు తెలుసు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ముక్కుమీది కోపాన్ని ఏనాడూ దాచుకోలేదు. మొగుడు కూడా ఆమె చెప్పులు విడిచే తీరు చూసిగానీ నోరు విప్పేవాడు కాదు.

అలాంటి మనిషికి పోయినేడాది అమ్మ పోయాక నిద్ర దూరమైంది. అప్పుడే మేనేజరు వారానికోసారి ధ్యానం క్లాసు పెట్టించాడు. నేర్పే టీచరమ్మ నెమ్మదస్తురాలు. "కోపం వస్తే తరిమేయొద్దు, దాని వెంట పరిగెత్తొద్దు. వచ్చిందని చూడండి, అంతే. దేన్నీ గట్టిగా పట్టుకోకండి" అనేది. చిటపటక్క మొదట మూతి తిప్పింది. తీరా చేసి చూస్తే నిద్ర పట్టింది. అమ్మ గుర్తొచ్చినా ఊపిరాడనట్టు ఉండటం తగ్గింది. మంచిని మంచి అనడానికి ఆమెకేం నామోషీ లేదు.

అందుకే ఆ కాగితం చదివేసరికి ఒళ్లు మండిపోయింది.

పదకొండు రోజుల కిందట ఆమె తోడికోడలి చెయ్యి ఇస్త్రీ రోలర్ల మధ్య పడి మణికట్టు దాకా కాలింది. ఆమెను ఆ పనిలో పెట్టించింది చిటపటక్కే. ఆ ప్రమాదం గురించి మేనేజరు రాయించిన కాగితంలో కారణం ఒక్క మాటే ఉంది: పరధ్యానం. సాక్షిగా చిటపటక్క సంతకం పెడితే తోడికోడలి ఉద్యోగం ఊడుతుంది.

"క్లాసులు కూడా పెట్టించాం కదమ్మా. అయినా ధ్యాస లేకపోతే ఎవరేం చేస్తారు? జరిగిందేదో జరిగిపోయింది. పట్టుకుని వేలాడకు, వదిలెయ్" అన్నాడు మేనేజరు.

వదిలెయ్యాలట! తనకు నిద్ర తెచ్చిపెట్టిన మాటల్ని ఎత్తుకొచ్చి కాలిన చేతిమీద కప్పుతాడా? నాలుగు దులిపేద్దామని నోరు తెరిచింది. అంతలో కోపం అడుగున ఇంకేదో కదిలింది. టీచరమ్మ చెప్పినట్టే దాన్ని చూసింది. అది భయం.

రోలర్ల ముందు అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. చెయ్యి తగిలితే యంత్రం ఆగిపోవాలి. దాని స్ప్రింగు పాడై, దుప్పటి అంచు తగిలినా ఆగిపోయేది. బాగుచేయించమని మూడుసార్లు రాసిచ్చినా మేనేజరు చెవిన పెట్టలేదు. దుప్పట్లు మాత్రం టైముకి అందాలి. యంత్రం మాటిమాటికీ ఆగకుండా చిరిగిన దుప్పటి పేలికతో ఆ కడ్డీని వెనక్కి కట్టెయ్యడం కనిపెట్టింది చిటపటక్కే. అదేదో ఘనకార్యమైనట్టు అందరికీ నేర్పింది. ప్రమాదం జరిగిన రోజు, జనం తోడికోడలి చుట్టూ మూగినప్పుడు, ఆ పేలికను విప్పి జేబులో కుక్కుకున్నదీ ఆమే.

పదకొండు రోజులుగా మేనేజరుమీద పళ్లు నూరుతూ తిరిగింది. ఆ కోపం నిజమే. దాని చాటున తను దాక్కుందన్నదీ నిజమే. ఇరవై రెండేళ్లుగా చెయ్యి తిరిగిన పనిమంతురాలనే పేరును ఎంత గట్టిగా పట్టుకుందో ఇప్పుడు తెలిసొచ్చింది.

పరధ్యానం అన్న మాట కొట్టేసింది. కింద రాసింది: "కడ్డీ కట్టడం నేర్పింది నేను. స్ప్రింగు బాగుచేయించనిది మీరు." సంతకం పెట్టింది.

మేనేజరు మొహం మాడిపోయింది. "నీ ఉద్యోగానికి నువ్వే ఎసరు పెట్టుకుంటున్నావ్. కాస్త శాంతంగా ఆలోచించు."

"శాంతంగానే రాశాను సార్. కోపం మాత్రం అలాగే ఉంది."

అటునుంచి అటే తోడికోడలి ఇంటికి వెళ్లి, పేలిక సంగతితో సహా అంతా చెప్పేసింది. తన ఉద్యోగం పోయేలా ఉందనీ చెప్పింది. అది వింటే కాస్తయినా మెత్తబడుతుందని లోపల ఆశ.

తోడికోడలు కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని వింది. "పదకొండు రోజులు నాకు జడ వేశావు. నా తెలివితక్కువతనం వల్లే ఇలా అయిందని నేను ఏడుస్తుంటే కళ్లు తుడిచావు. అప్పుడైనా నోరు పెగల్లేదా అక్కా?"

ఆపైన తిట్టడం మొదలుపెట్టింది. చిటపటక్క ఒక్క మాట కూడా అడ్డు చెప్పకుండా అన్నీ వింది.