మోకాలి కింద దిండు

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది, వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచిన వారంలోనే, నన్ను ప్రొద్దుటూరు నుంచి చాపాడు మండలంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు బదిలీ చేశారు. హోదా స్కూల్ అసిస్టెంట్, వ్యాయామ విద్య. పీఈటీగా చేరినవాడికి ఇన్నేళ్ళకు దక్కిన ప్రమోషన్ అది. హోదా ఏదైతేనేం, పిల్లలకు నేను డ్రిల్లు సారునే. పదవీ విరమణకు ఇంకా మూడేళ్ళు ఉంది. నా ఎడమ మోకాలు మాత్రం అంతదాకా ఆగలేదు.

బడి పనితో పాటు నాకు ఇంకో పని ఉండేది. జిల్లాలో ఎక్కడ అథ్లెటిక్ పోటీలు జరిగినా నడక పందేనికి నన్ను జడ్జిగా పిలిచేవారు. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. నడక పందెంలో నియమాలు రెండే. ఏ క్షణంలోనూ రెండు పాదాలూ ఒకేసారి నేలను వదలకూడదు. ముందుకు వేసిన కాలు నేలను తాకినప్పటి నుంచి ఒళ్ళు దాని మీదికి నిటారుగా వచ్చేదాకా మోకాలు వంగకూడదు. జడ్జి కంటితోనే చూడాలి, యంత్రాలు పనికిరావు. కాలు తప్పేవాడికి ముందు పసుపు పలక చూపిస్తాడు. అయినా మారకపోతే ఎర్ర కార్డు రాసి చీఫ్ జడ్జికి పంపుతాడు. ముగ్గురు వేర్వేరు జడ్జీల కార్డులు చేరితే ఆ మనిషి ట్రాక్ దిగిపోవాలి. ఒక జడ్జి ఇంకొకరితో మాట్లాడకూడదు, ఎవరి కన్ను వాళ్ళది.

వంగిన మోకాలు కనిపిస్తే సొంత తమ్ముణ్ణయినా దించేస్తాడని నాకు పేరు. ఆ పేరంటే నాకు చెప్పలేనంత ఇష్టం. ఏడుస్తూ దిగిపోయిన పిల్లలతో "ఏడ్చేది ఇంటికి పొయ్యి ఏడువు, ఈడ కాదు" అని కసిరిన రోజులున్నాయి.

బదిలీ అయిన ఏడాదికే మోకాట్లో గుజ్జు పూర్తిగా అరిగిపోయింది. మెట్లు దిగేటప్పుడు ఎముకా ఎముకా రాసుకునే చప్పుడు నాకే వినిపించేది. డాక్టరు ఎక్స్‌రే చూసి, మోకాలు మార్చడం తప్ప వేరే దారి లేదన్నాడు. ఎముకల చివర్లు కోసి, లోహపు తొడుగులు తొడిగి, మధ్యలో ప్లాస్టిక్ పలక పెడతారు. ఆపరేషన్ తర్వాత నడవవచ్చు, సైకిల్ తొక్కవచ్చు, పరుగు మాత్రం వద్దని చెప్పాడు. బడిలో నేను ఈ సంగతి చెప్పలేదు. చిన్న ఎముక ముక్క విరిగింది, తీసేస్తారు అని వైద్య సెలవు పెట్టాను. డ్రిల్లు సారుకు కీలుమార్పిడి అంటే, వంటవాడికి అన్నం అరగదన్నట్టు ఉంటుంది. సిగ్గు అప్పుడే మొదలైంది.

ఇంటికి వచ్చాక చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ చేసిన మొదటి పని నా మోకాలి కింద దిండు పెట్టడం. నా భార్య రాజేశ్వరి పెట్టింది, వదిన ఇంకోటి తెచ్చి దాని మీద పెట్టింది. హాయిగా ఉండేది. ఫిజియోథెరపీ చేయించడానికి వచ్చే అమ్మాయి అది చూసి మండిపడింది.

"ఆ దిండు తీసేయండి సార్. మోకాలు ఒంగినట్టే మానిందంటే ఇంక సాపుగా రాదు. దిండు మడమ కింద పెట్టుకోండి, మోకాలు మంచానికి ఆనల్ల."

"ఎంత ఒంగుతాందో చూడమ్మా ముందు," అని కాలు మడిచి చూపించాను.

"ఒంగేది ఎట్లైనా వస్తాది సార్. సాపేదే ఇప్పుడు రాకుంటే రాదు."

ఇక్కడ మా వాళ్ళ లెక్క ఒకటి చెప్పాలి. మోకాలు బాగైందా లేదా అని మావైపు ఎవరూ కాలు చాపించి చూడరు. కింద కూర్చోగలడా, మఠం వేసుకుని అన్నం తినగలడా అని చూస్తారు. నాకూ అదే పట్టింది. కింద కూర్చోవద్దని డాక్టరు చెప్పినా వినకుండా, చూడవచ్చిన బంధువుల ముందు చాప మీద మఠం వేసి కూర్చుంటే "అబ్బా, చూడు, పిల్లోని మాదిరి కూర్చున్న్యాడే!" అన్నారు. ఒంగడం నలుగురికీ కనిపిస్తుంది, చాచడం ఎవరికీ కనిపించదు. ఆ అమ్మాయి వచ్చే వేళకు దిండు మంచం కిందికి తోసి, వెళ్ళగానే తిరిగి పెట్టుకునేవాణ్ణి. రాజేశ్వరి "ఆ పాప చెప్పినట్టు వినరాదా?" అంటే, "ఇన్నేండ్లు పిల్లోల్లకు కాళ్ళూ చేతులూ తిప్పించినోన్ని, నాకు నేర్పుతాదా?" అని ఎగిరాను. నడక పందేనికి జడ్జిని, నిటారు మోకాలి మీదే బతికినవాణ్ణి, నా మోకాలి దగ్గరికి వచ్చేసరికి నాకా విషయం తోచనే లేదు.

ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకుని డ్యూటీలో చేరాక కొన్నాళ్ళు బాగానే గడిచింది. ఆ ఏడాది ఉద్యోగుల క్రీడాపోటీలు పులివెందులలో పెడుతున్నారని, యాభై అయిదు దాటినవారికి అయిదు కిలోమీటర్ల నడక పందెం ఉందని తెలిసింది. డాక్టరు వద్దన్నది పరుగే కదా, ఇది నడక అని నాకు నేనే తీర్పు ఇచ్చుకున్నాను. వయసులో ఉన్నప్పుడు ఈ పందేల్లో నడిచినవాణ్ణి. ఇంకా పనికొస్తానని ఊరికి చూపించాలి, అంతే.

ప్రాక్టీసు మా ఇల్లున్న ప్రొద్దుటూరులో చేస్తే తెలిసినవాళ్ళు చూస్తారని తెల్లవారే బస్సెక్కి జమ్మలమడుగు పోయేవాణ్ణి. అక్కడ ముద్దనూరు రోడ్డు మీద నడిచేవాణ్ణి. నడక పందెంలో నడుము తిప్పుతూ నడవాలి, చూసేవాళ్ళకు నవ్వొస్తుంది. టీ కొట్టు దగ్గర ఒకాయన రోజూ గ్లాసు పట్టుకుని నిలబడేవాడు.

"ఏందప్పా, నడుము అట్ల తిప్పుకుంటా యాడికి పోతాండావు?"

"పందేనికి ప్రాక్టీసు!"

ఆయన నా వెనక రోడ్డంతా చూశాడు. "పందెమా? ఎవురితో?"

అది ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది బైకుల వాళ్ళ జాలి. ప్రతి రెండో బండీ ఆగేది. "మామా, కాలు శానా నొస్తాందా? ఎక్కు, ముద్దనూరు కాడ దింపుతా." నొప్పి లేదని చెబితే నమ్మేవాళ్ళు కాదు. కుంటుతున్నట్టు ఎందుకు కనిపిస్తున్నానో ఆలోచించి ఉంటే అక్కడితో సరిపోయేది. వాళ్ళ కళ్ళకు తెలిసింది జడ్జి కంటికి తెలియలేదు.

పోటీల రోజు మా బడి ఉపాధ్యాయులు వ్యాను మాట్లాడుకుని పులివెందుల వచ్చారు. ఇక్కడ నేను చేసిన ఇంకో ఘనకార్యం చెప్పాలి. ఏడాదికి పైగా దాచిన గుట్టును మైకు పట్టుకున్నవాడి చెవిలో నేనే ఊదాను. ఓడితే ఆపరేషన్ కాలు అంటారు, గెలిస్తే ఇంకా గొప్ప అంటారు. పందెం మొదలవగానే మైకు మోగింది: "ఇనుప మోకాలుతో నడుస్తున్న మన సారును చప్పట్లతో ప్రోత్సహించండి!" మైదానమంతా చప్పట్లు. నాకు ఒళ్ళు పొంగింది.

ట్రాక్ మీద ముగ్గురు జడ్జీలు. ఇద్దరు నాకు ముఖపరిచయం మాత్రమే. మూడో జడ్జి షాహీన్. ప్రొద్దుటూరు బడిలో నా విద్యార్థిని. వాళ్ళ నాన్న కువైట్‌లో దర్జీ పని చేసేవాడు. నడకలో జిల్లాకు ఆడింది, తర్వాత పులివెందులలో పీఈటీ అయింది. ఆమెను జడ్జీల ప్యానెల్‌లో చేర్పించింది నేనే. కన్ను ఎక్కడ పెట్టాలో, పలక ఎప్పుడు ఎత్తాలో నేర్పింది నేనే.

రెండో చుట్టులోనే మొదటి జడ్జి పసుపు పలక ఎత్తాడు. దాని మీద మోకాలు వంగిందనే గుర్తు. కొన్ని వందలసార్లు నేను ఎత్తిన పలక. నాకు కోపం వచ్చింది, వీడికి చూపు ఆనడం లేదనుకున్నాను. తర్వాత రెండో జడ్జి కూడా ఎత్తాడు. కాసేపటికి, కార్డులు అతికించే బోర్డు మీద నా నెంబరుకు ఎదురుగా ఒక ఎర్ర గుర్తు, మరో రెండు చుట్లకు ఇంకొకటి పడ్డాయి. ఇక మిగిలింది షాహీన్ ఒక్కతే. అప్పుడు కిందికి చూసుకున్నాను. కాలు నేలకు తాకుతోంది, మోకాలు కొంచెం వంగే ఉంది. నేను ఎంత బిగబట్టినా నిటారుగా రావడం లేదు. దిండు మీద మానిన మోకాలు అది. ఆ క్షణంలో నాకు అంతా తెలిసింది.

షాహీన్ ఒక మలుపు దగ్గర నిలబడి ఉంది. నేను దగ్గరికి రాగానే పసుపు పలక ఎత్తింది. తర్వాతి చుట్టులో నేను వస్తుంటే కార్డు పుస్తకం తెరిచి పట్టుకుంది. నా మోకాలు చూసింది, నా ముఖం చూసింది. చూసి, వంగి బూటు లేసు సర్దుకోవడం మొదలుపెట్టింది. ఆ లేసు ఊడలేదు. మిగిలిన ప్రతి చుట్టులోనూ నేను దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆ లేసు మీదే ఉంది.

ట్రాక్ దిగిపోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రెండడుగులు పక్కకు వేస్తే చాలు. నా వెనక దువ్వూరు మండలాఫీసు అటెండరు ఓబులేసు నడుస్తున్నాడు, కర్రల్లాంటి నిటారు కాళ్ళు. నేను దిగితే మూడో స్థానం అతనిది. మా బడివాళ్ళు లేచి నిలబడి అరుస్తున్నారు, మైకు అరుస్తోంది. నేను దిగలేదు. మూడోవాడిగా గీత దాటాను.

పతకాలు ఇచ్చేశాక షామియానా కింద చీఫ్ జడ్జి పక్క కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతున్నాను. షాహీన్ వచ్చి ఆయన ముందు నిలబడింది.

"సారుకు నేను కార్డు రాయాల్సింది సార్. రాయలేదు. తెలిసే రాయలేదు."

ఆయన గతుక్కుమన్నాడు. పందెంలో రాయని కార్డు పందెం తర్వాత రాయడానికి వీల్లేదు, ఫలితం కూడా చెప్పేశారు. "ఇప్పుడు చెప్పి ఏం లాభం తల్లీ?"

"లాభానికి చెప్పల్యా సార్. ప్యానెల్‌లో నుంచి నా పేరు తీసేయండి."

చీఫ్ జడ్జి నావైపు తిరిగాడు. నేనేమంటానో అని ఆగాడు. "పతకం ఓబులేసుది" అని ఒక్క మాట చాలు. నేను గ్లాసు కింద పెట్టి, వంగి, మోకాలు రుద్దుకున్నాను. మోకాట్లో నొప్పి లేదు. నొప్పి ఉన్నట్టు ముఖం పెట్టాను. ఇప్పటికీ అది తలుచుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. అంతలో ఓబులేసే వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఇనుప కాలుతో నన్ను గెలిస్తిరి సార్. శానా గొప్పోల్లు సార్ మీరు," అన్నాడు. షాహీన్ ఆ మాట విని, కార్డు పుస్తకం చీఫ్ జడ్జి ముందు పెట్టి వెళ్ళిపోయింది.

కొన్ని వారాలు పతకం బీరువాలో చీరల కింద పడి ఉంది. రాజేశ్వరికి చెబితే, "నాకు చెప్పి ఏం? చెప్పాల్సినోల్లకు చెప్పుపోండి," అంది. దువ్వూరు పోయాను. ఓబులేసు ఆఫీసు బయట బెంచీ మీద కూర్చోబెట్టి, టీ తెప్పించి, అంతా విన్నాడు. పతకం చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆ పొద్దు మా పిల్లోల్లు వచ్చింటిరి సార్. ఆ పొద్దే చెప్పింటే చూసుందురు. ఇప్పుడు దీన్ని నేనేం చేసుకోల్ల?" అని తిరిగి నా చేతిలోనే పెట్టాడు. కోపంగా అనలేదు. టీ డబ్బులు కూడా నన్ను ఇవ్వనివ్వలేదు.

శ్రావణ శనివారం రాజేశ్వరి మొక్కు తీర్చడానికి గండి ఆంజనేయస్వామి దగ్గరికి పోయి, అటునుంచి పులివెందుల పోయాము. షాహీన్ బడిలోనే ఉంది, పిల్లలతో మైదానంలో గీతలకు ముగ్గు పోయిస్తోంది. తప్పు నాది, మళ్ళీ ప్యానెల్‌లోకి రామ్మా అన్నాను.

"మీది మీదే సార్. నాది నాదే," అంది. "ఇంక యా పిల్లకు కార్డు రాయాలన్నా చెయ్యి ఆడదు నాకు. మా సారును వదిలి నిన్ను పడ్తాండానే అనిపిస్తాది."

తర్వాత స్టూలు తెప్పించి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మడమ స్టూలు మీద పెట్టించి, కాలు చాపమంది. మోకాలు పూర్తిగా సాగుతోందో లేదో చూడ్డానికి ఫిజియోలు చేసే పరీక్ష లాంటిదే అది. కాలి కింద కుర్చీ నుంచి స్టూలు దాకా ఒక చెక్క పలక పెట్టి, పలకకూ మోకాలికీ మధ్య చెయ్యి దూర్చింది. చెయ్యి సులువుగా అటువైపు వచ్చింది.

"ఇంగా సందుంది సార్. దిండు పెడతాండారా?"

"లేదమ్మా."

"పెట్టొద్దండి."

ఈ ఉదంతం వల్ల నేను నేర్చుకున్నది రెండు మాటల్లో చెప్పవచ్చు. కీలు మార్పించుకున్నవాళ్ళు మోకాలి కింద దిండు పెట్టుకోకూడదు. నియమం తెలిసినవాడు, అది తన మీదికి వచ్చినప్పుడు, తనే ట్రాక్ దిగాలి. దిగకపోతే ఆ బరువు చూసేవాళ్ళ మీద పడుతుంది. నేను ఆ తర్వాత జడ్జిగా ఎక్కడికీ పోలేదు. అది నాకు నష్టం కాదు, ఎలాగూ ఏడాదిలో రిటైరయ్యాను. షాహీన్‌కు ఇంకా చాలా సర్వీసు ఉంది. జిల్లాలో నడక పందెం జరిగిన ప్రతిసారీ జడ్జీలు ఎవరని ఫోన్ చేసి అడుగుతాను. ఇంతవరకూ ఆమె పేరు వినలేదు.