సేఠ్ గారి మాలు, పెద్దమ్మ తీర్పు

నా బుర్రలోంచి వచ్చిందల్లా నాదేనని గట్టిగా నమ్మే వయసు నాది, ఆ రోజుల్లో. రాష్ట్ర సరిహద్దు అవతల హిందీ, తెలుగు కలిసిపోయే కొంటా బజారులో ఒక సేఠ్ గారి కంప్యూటర్ దుకాణంలో జీతానికి కుదిరి, చింతపండు వ్యాపారులకు తూకం చీటీలు వేసే ప్రోగ్రాం రాశాను. హిందీలోనూ తెలుగులోనూ చీటీ ఇచ్చేది ఆ చుట్టుపక్కల అదొక్కటే (అని నేనే చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి). తర్వాత ఆ ఉద్యోగం మానేసి, కిష్టారం ఆడవాళ్ల సంఘానికి ఇప్పపూల తూకం కోసం అలాంటిదే చేసిస్తానని మాటిచ్చాను. పాత కోడ్ నా దగ్గరే ఉంది, నాలుగు పేర్లు మారిస్తే సరిపోతుంది. ఈ సంగతి సేఠ్ చెవిన పడింది. ఫోన్ చేసి, "అది మా దుకాణం మాల్ భయ్యా, ముట్టుకుంటే కోర్టు కచేరీకి పోతం" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. తిండి మానుకుని రాసింది నేను, తప్పులు వెతికి దిద్దింది నేను, కంప్యూటర్ ఆపడం కూడా రాని ఈయన మాలెలా అవుతుంది? అప్పుడు వకీలు కంటే గట్టి మనిషి మా ఇంట్లోనే ఉందని గుర్తొచ్చింది, మా పెద్దమ్మ. మా వైపు ఇప్పచెట్టు ఎవరి చేలో నిలబడ్డా, తాతల నాటి నుంచి అది ఏ ఇంటిదో ఆ ఇంటివాళ్లవే పూలు. ఆ తగాదాలన్నీ ఆవిడే తీర్చేది. వెంటనే బండెక్కించుకుని దుకాణానికి తీసుకెళ్లాను. పెద్దమ్మ సేఠ్ ఇచ్చిన చాయ్ తాగి (అప్పుడే నాకు అనుమానం రావాల్సింది), ఇద్దరి మాటా విని నా వైపు తిరిగింది.

"ఇది రాసేటప్పుడు ఎవరి కూలి తిన్నవ్‌రా?"

"సేఠ్‌దే. అయితే ఏంది పెద్దమ్మా, చెయ్యి నాది కదా."

"కూలికి పోయి ఏరిన పూలు చెట్టోళ్లయా, నీయా?"

"సహీ బాత్ అమ్మా" అని సేఠ్ ఇంకో చాయ్ తెప్పించాడు. నా వకీలు అదీ తాగింది.

కోపంగా బండి ఉరికించి ఆవిడను ఇంటికి తెచ్చాను. ఇంటి ముందు బండి దిగుతూ పెద్దమ్మ అంది, "పూలు ఆయనయే. ఏరుడు నీకొచ్చు కదా, అది గుంజుకుంటడా?"

ఆ ఉక్రోషంతోనే పాతది తెరవకుండా మొదటి వరుస నుంచి మళ్లీ రాశాను. పూలు రాలే వేళకు సంఘం చేతిలో పెట్టాను. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ప్రోగ్రాం తెరవగానే కనిపించే పేరు మాత్రం తీయకూడదని షరతు రాసి అందరికీ వదిలేశాను. ఆ పేరు పెద్దమ్మది. "సదువు రానిదాన్ని, నా పేరేందిరా అండ్ల" అని ఆవిడ విసుక్కుంది.

సేఠ్ దుకాణంలో కొత్త కంప్యూటర్ల మీద ఆయన మాలు నడవక, ఇన్నేళ్లకు ఈ మధ్యే నాది పెట్టించుకున్నాడు. ఆ పేరు తీసేయొచ్చా అని ఫోన్ చేశాడు. షరతు షరతేనని చెప్పి పెట్టేశాక, ఇంత వయసొచ్చినా చల్లారని నా కోపానికి నాకే నవ్వొచ్చింది. పెద్దమ్మ ఉంటే "పోనీలేరా, తీసెయ్" అనేదేమో. అడుగుదామంటే ఆవిడ లేదు, తీద్దామంటే నాకు మనసు రాదు.