సన్నెమ్మప్ప గులాబీ, పసుపు

ఇవాళ ఊరి చివర మింగళాడోన్‌లో బస్సు దిగేసరికి ఎవరో ఇనుప గేటుకి రంగు వేస్తున్నారు. టర్పెంటైన్ వాసన ముక్కుకి తగలగానే సన్నెమ్మప్ప గుర్తొచ్చింది. మింగళ తౌంగ్‌న్యున్‌లో, మనవాళ్ళు సముద్రం దాటొచ్చి స్థిరపడ్డ పేటలో, రైల్వే స్టేషన్ వెనక ఆవిడ పోస్టర్ల దుకాణంలోనే నేను మొదట పనికి చేరాను. దేశం తలుపులు బిగించుకున్న కాలం అది. ఓడల మీద పనిచేసేవాళ్ళు చాటుగా తెచ్చిన హిప్పీ పోస్టర్లు చూసి ఆవిడ తన సొంత బొమ్మలు గీసేది. జడలోంచి చేపలు ఈదుకొచ్చే అమ్మాయి, గిటారు వాయించే ఏనుగు. బట్ట బిగించిన చట్రంలో ఒక చివర గులాబీ, ఇంకో చివర పసుపు పోసి రబ్బరు పట్టీతో ఒక్క లాగు లాగితే, రంగు బట్టలోంచి కింది కాగితం మీదకి దిగి, మధ్యలో రెండూ కలిసి మామిడిపండు బుగ్గ రంగు తేలేది. ఊళ్ళో ఇంకెవరికీ అబ్బని పని. కుర్రకారు ఎగబడి కొనేవారు, పెద్దవాళ్ళు ముక్కు చిట్లించేవారు.

"ఏటీ పిచ్చి బొమ్మలు? దేవుడి పటాలేసుకోరాదేటి?" అన్నాడొక షావుకారు.

"దేవుడికి శానామందున్నారు బాబూ. ఈ గుంటలకెవులున్నారు?" అంది చెయ్యి ఆపకుండా.

ఆ తరవాత సైనిక ప్రభుత్వం మీద ఊరు తిరగబడింది. విద్యార్థులొచ్చి ఊరేగింపు పోస్టర్లు వేసిపెట్టమన్నారు. ఆవిడ రంగు ఎక్కడున్నా పోల్చేస్తారు కాబట్టి ఉత్త నలుపులో వేయమన్నారు. అలాగే వేశాం. మమ్మల్నెవరూ అనుమానించలేదు. సైనికులు మా పక్క దుకాణం ఊ తిన్‌ని పట్టుకుపోయారు. చావుకి వచ్చినవాళ్ళకు పంచే విసనకర్రల మీద పోయినవారి పేర్లు అచ్చువేసే ముసలాయన. ఆయన దగ్గర నలుపు తప్ప వేరే రంగే ఉండేది కాదు.

ఆయన భార్య మా గుమ్మంలో కూలబడి ఏడ్చింది. సన్నెమ్మప్ప లోపలికి వెళ్ళి, ఆ ఊరేగింపు పోస్టరు చట్రమే తీసి గులాబీ, పసుపు పోసింది. ఏం చేయబోతోందో అర్థమై చెయ్యి పట్టుకున్నాను.

"అప్పా, నిన్నట్టుకుపోతారు."

"ఆ ముసలాయన రంగెనకాల నానెందుకు దాక్కోవాల? తప్పుకో గుంటా."

తడి ఆరకముందే దాన్ని మా వీధి తలుపుకి అంటించి, చేతులు కడుక్కుని, అరుగు మీద కూర్చుంది. నేను వీధికి రెండు వైపులా చూస్తున్నాను. ఆవిడ మాత్రం తమలపాకుకి సున్నం రాసుకుంటోంది. సాయంత్రం సైనికులు వచ్చి తీసుకుపోయారు. మర్నాడు ఊ తిన్ ఇంటికొచ్చాడు.

ఆవిడ ఎన్నో ఏళ్ళకు జైలు నుంచి వచ్చింది. చేతులు వణికేవి, పట్టీ లాగలేకపోయేది. బాధగా లేదా అని ఓసారి అడిగాను.

"రంగు బాగా కుదిరిందే ఆయేల," అంది.

ఆవిడ పోయి చాలా కాలమైంది. దుకాణం నేనే నడుపుతున్నాను. ఆ మామిడి బుగ్గ రంగు నాకింకా సరిగ్గా కుదరదు, కానీ ఒక్క పట్టుదల మాత్రం వదల్లేదు. నేను చేసినదానికి ఎవరైనా వెతుక్కుంటూ వస్తే, వాళ్ళు పక్కింటి తలుపు తట్టకూడదు.