ఏ చెట్టు బొండాం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా వైపు కొబ్బరికి నల్లి పట్టింది. కంటికి ఆనని పురుగు. ముచ్చిక కింద చేరి రసం పీల్చేస్తే కాయ మీద గోధుమరంగు మచ్చలు లేచి, చీలికలు తేలి, కాయ గిడసబారిపోయేది. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు కాబట్టి, ఎవరికి గిట్టనివాళ్ళ మీద వాళ్ళు నెపం పెట్టారు. మామిడికుదురు వైపు మండే గ్యాసు మంట వల్లే అన్నారు కొందరు. రొయ్యల చెరువుల ఉప్పు వల్ల అన్నారు ఇంకొందరు. మా నాన్నగారు మాత్రం బోదె కాలవ అవతలున్న పెదనాన్నగారి తోట వల్ల అన్నారు.

దానికి కారణం మందు. చెట్టు మొదట్లో తవ్వి, పెన్సిలంత వేరొకటి చూసి ఏటవాలుగా కోసి, మందు పోసిన ప్లాస్టిక్ సంచిలో దూర్చి దారంతో కట్టేవారు. తెల్లారేసరికి చెట్టు ఆ మందంతా తాగేసేది. అది కాయల్లోకీ చేరుతుంది కనక నెలా పదిహేను రోజుల దాకా కాయ కోయకూడదని వ్యవసాయశాఖవాళ్ళు మరీ మరీ చెప్పారు. నాన్నగారు ఏడాదిలో రెండు విడతలు పెట్టించారు. కొత్త గెలలు నున్నగా, పచ్చగా దిగాయి. పెదనాన్నగారు ఒక్క చెట్టుకీ పెట్టనివ్వలేదు. చెట్టుకి విషం తాగించి ఆ నీళ్ళు మనం తాగడమేమిటన్నారు. ఆయన తోటలో నల్లి గాలికి మా తోటలోకి వస్తోందని నాన్నగారు. అలా మాటలు ఆగిపోయాయి.

మా అమ్మకి అనుమానం పుట్టుకతో వచ్చింది. పాలవాడు పోసిన పాలు గోటి మీద బొట్టు వేసుకుని చూస్తే గాని లోపలికి తీసుకెళ్ళేది కాదు. ఆ గుణం నాకూ వచ్చింది. మార్చుకోవాలని నేనెప్పుడూ అనుకోలేదు, ఎందుకంటే పది అనుమానాల్లో ఏడు నిజమయ్యేవి. మందు వచ్చాక అమ్మకి చేతినిండా పని దొరికింది. మా వైపు ఇంటికొచ్చిన మనిషికి పలకరింపు కన్నా ముందు బొండాం చేతికొస్తుంది. అమ్మ దాన్ని పట్టుకుని "ఏ చెట్టుదండీ?" అనేది. ఇచ్చినవాళ్ళ మొహం ఇంతైపోయేది. వాళ్ళు మా ఇంటికొచ్చినప్పుడు ఆ ప్రశ్న వడ్డీతో సహా తిరిగొచ్చేది.

మూడో విడత మందు పెట్టించిన వారానికే చెల్లి పుట్టింటికి వచ్చింది. మూడో నెల. అంతకు ముందు ఒక కడుపు పోయింది. ఈసారి వేవిళ్ళు ఎంత గట్టివంటే అన్నం వాసనకే డోక్కునేది. అమలాపురంలో డాక్టరమ్మ చూసి, కొబ్బరినీళ్ళు నిలుస్తున్నాయి కాబట్టి అవే తాగించమంది. ఇంటి చుట్టూ అన్ని చెట్లుండి, తాగడానికి ఒక్క బొండాం లేదు మాకు.

సంగతి తెలిసి పెదనాన్నగారు ఆరు బొండాలు పంపించారు. ఒళ్ళంతా మచ్చలు, చీలికలు, పిడికిలికి కాస్త పెద్దవి. అమ్మ వాటిని తిప్పి తిప్పి చూసి, అమ్ముడుపోని సరుకు మన మొహాన కొట్టారంది. మందు పెట్టలేదన్న మాట కూడా ఎవరు చూడొచ్చారంది. వాటిని కొట్టి నీళ్ళు అరటి మొదట్లో పారబోసింది. నేను అడ్డు చెప్పలేదు. ఆ కాయలు చూస్తే నాకూ మనసొప్పలేదు.

ఇక కొనాల్సి వచ్చింది. కోనసీమలో తోటున్నవాళ్ళు బజార్లో బొండాం కొనడమంటే మంచినీళ్ళు కొనుక్కున్నంత నామోషీ. నేను కొత్తపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని. సాయంత్రం నా కోసం వచ్చినట్టు అమ్మ బస్సెక్కి వచ్చేది. బజారంతా తిరిగి, అందర్నీ అడ్డంగా ప్రశ్నలేసి, చివరికి ఒక బండివాడి దగ్గర ఆగింది. వాడి కాయలు నున్నగా, కడిగినట్టున్నాయి. మందు పెట్టనివేనా అంటే, మంచి తోటవండీ అన్నాడు. ఏ ఊరని వాడడిగితే అమ్మ తడుముకోకుండా జొన్నాడ అంది. జొన్నాడలో మాకు చుట్టాలు కూడా లేరు. సంచి మీద కొంగు కప్పుకుని, దొంగసొత్తు మోస్తున్నట్టు బస్సెక్కేది.

అలా పదిరోజులు సాగింది. చెల్లి మొహంలోకి కాస్త కళ వచ్చింది. తెచ్చినప్పుడల్లా, పెట్టుబడి పెట్టి మందేసినవాళ్ళం మనమే కొనుక్కోవడం ఏమిటని నాన్నగారు నవ్వేవారు.

ఒకరోజు వాన పట్టుకుంది. బస్సులో ఈ బరువు మోయలేనని అమ్మ, సైకిలు మీద ఇంటికి పంపించమని బండివాణ్ణి అడిగింది. అడ్రసు చెప్పక తప్పలేదు. గొంతు తగ్గించి మా ఊరి పేరు చెప్పింది. వాడి మొహం విప్పారింది.

"ఆయ్, ఆ మాట ముందే చెప్పొచ్చు కదండీ. ఇన్నాళ్ళూ మీకిచ్చినవి మీ ఊరివేనండి. బోదె గట్టు మీద ఆకుపచ్చ గేటు తోట లేదాండీ, ఆ అయ్యగారే కోయించేరు. మీకు తెలిసినోళ్ళే అయ్యుంటారు, ఇంక భయమెందుకండీ?"

మా ఊళ్ళో బోదె గట్టు మీద ఆకుపచ్చ గేటు ఒక్కటే ఉంది. అది మాదే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అమ్మ కొత్తపేట బజారంతటినీ అనుమానించింది గానీ పక్కన భోంచేసే మనిషిని అనుమానించలేదు. బొండాలు అక్కడే వదిలేసి ఇద్దరం బస్సెక్కాం.

నాన్నగారు వరండాలో పేపరు చదువుతున్నారు. అమ్మ చెప్పులు విప్పకుండానే అడిగింది. ఆయన ముందు ఏ బొండాలన్నారు. తర్వాత పేపరు మడతపెట్టారు. మేం చెల్లిని అమలాపురం తీసుకెళ్ళిన రోజు బేరగాడు వచ్చాడట. ఆ మర్నాటికి ధర పడిపోతుందన్నాడట.

"లోడు హైదరాబాదు పోతుందన్నాడే. మన చుట్టుపక్కల అమ్మనని ఒట్టేసేడు."

చెల్లి తలుపు పట్టుకుని నిలబడి అంతా వింది. "హైదరాబాదులో కడుపుతో ఉన్నోళ్ళు ఉండరా నాన్నగారూ?" అంది.

అరిచినా బాగుండేది, మామూలుగా అడిగింది. ఆ క్షణాన నాకు ఆయన మీద అసహ్యం వేసింది. దాచుకోవడమెందుకు, ఇప్పటికీ అది పూర్తిగా పోలేదు.

అమ్మ ఆ వానలోనే బోదె దాటి పెదనాన్నగారింటికి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను. విషయం విని ఆయన ఒక్క దెప్పు మాట కూడా అనలేదు. బొండాలు దింపించి మా ముందు పోయించారు. అంత జరిగాక కూడా అమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని, మందు పెట్టలేదు కదండీ బావగారూ అని అడిగింది. నాకు తలకొట్టేసినట్టయింది. ఆయన కోపం తెచ్చుకోలేదు. కాయను తిప్పి మచ్చ మీద వేలు పెట్టారు.

"ఇదిగో చూడమ్మా. మందు తాగిన చెట్టుకి కాయ ఇలా ఉంటుందా?"

అప్పటికి గాని మాకు బుర్రకెక్కలేదు. మేం పారబోసినవే తాగదగ్గవి.

డాక్టరమ్మకి జరిగింది చెప్పాం. స్కానింగు తీసి, ఇప్పటికైతే బాగానే ఉంది, పుట్టేదాకా నేనేమీ చెప్పలేనంది. మిగిలిన నెలలు మా ఇంట్లో ఎలా గడిచాయో చెప్పలేను. కాన్పు రోజున నర్సు పిల్లాణ్ణి చేతికివ్వగానే అమ్మ గుడ్డ విప్పి కాళ్ళూ చేతులూ వేళ్ళూ చూసుకుంది. ఏ లోపమూ లేదు. నాన్నగారు ఆస్పత్రి గుమ్మం దగ్గరే ఉండిపోయారు. పిలిస్తే గాని లోపలికి రాలేదు. ఆ తర్వాత ఆయన చెట్లకి మందు పెట్టించలేదు. పెదనాన్నగారితో మాటలు కలిశాయి.

పిల్లాడు చక్కగా పెరిగాడు. నల్లి గొడవా మెల్లగా సద్దుమణిగింది. కానీ ఆ పదిరోజుల నీళ్ళు వాడి ఒంట్లో ఏం చేశాయో, ఏమీ చెయ్యలేదో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు. అందుకని మా ఇంట్లో ఆ అనుమానం తీరే దారి లేకుండా పోయింది.

వాడు ఒకటో తరగతిలో ఉండగా, సెలవులకి వచ్చినప్పుడు జ్వరం తగిలింది. ఎండలో ఆడితే వచ్చే మామూలు జ్వరం. అమ్మ తడిగుడ్డ పిండుతూ తలెత్తి నాన్నగారి వైపు చూసింది. నాన్నగారు మనవడి నుదుటి మీద చెయ్యి వెయ్యబోయి, వెనక్కి తీసుకున్నారు.