లెక్కలోకి రాని దీపం

ఎల్లేశం దగ్గరకు ఏ బండి వచ్చినా ముందు బానెట్ ఎత్తడు. "ఇందుల నా చెయ్యి ఎప్పుడన్న పడ్డదా?" అని అడుగుతాడు. కొత్తగా వచ్చినవాళ్లు ఇదేం ప్రశ్న అని నవ్వుతారు. కొందరికి కోపం కూడా వస్తుంది. బాగుచేయమని తెస్తే పోలీసు విచారణలా ఏమిటిది అంటారు. నేను మాత్రం నవ్వను. ఆ ప్రశ్న ఆయనకు ఎలా అలవాటైందో నా కళ్లతో చూశాను. చూస్తూ నోరు మూసుకుని కూర్చున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

సుల్తానాబాద్‌లో ఆయన షాపు అంటే నాలుగు రేకులు, ఒక బల్ల, బల్ల మీద వరసగా పెట్టిన బ్యాటరీలు. అంతకుముందు పన్నెండేళ్లు శ్రీరాంపూర్ వైపు ఒక బొగ్గుబాయిలో బత్తీల గదిలో పనిచేశాడు. బాయి దిగే ప్రతి మనిషి తన నంబరు బిళ్ల అక్కడ ఇచ్చి, నెత్తికి పెట్టుకునే బత్తి తీసుకుంటాడు. పైకి వచ్చాక బత్తి ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయాక ఏ కొక్కేనికి బిళ్ల మిగిలి ఉందో ఆ మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. పన్నెండేళ్లు ఎల్లేశం ఆ లెక్కే చూశాడు. ఒకరోజు ఒక బిళ్ల మిగిలింది. దాని మనిషి రెండు రోజుల తర్వాత పైకి వచ్చాడు, కానీ నడిచి రాలేదు. ఆ తర్వాత ఎల్లేశం ఆ గదిలో కూర్చోలేక, అత్తగారి ఊరు కదా అని సుల్తానాబాద్ వచ్చేశాడు. బాయి నౌకరీ వదులుకున్నవాణ్ణి మావైపు పిచ్చోడి కిందే జమకడతారు. ఎల్లేశాన్ని కూడా కొన్నాళ్లు అలాగే చూశారు. తర్వాత బండ్లు ఆగిపోయి అవసరం పడేసరికి తెలివిగలవాడయ్యాడు.

నేను కరుణాకర్‌రావు గారి రైసుమిల్లులో తూకం కాటా దగ్గర ఉండేవాణ్ణి. ఆయనకు తెల్ల అంబాసిడర్ ఉండేది. డ్రైవరు రాయమల్లు. తొమ్మిదేళ్లుగా ఆ ఒక్క బండే తోలుతున్నాడు. నెమ్మదస్తుడు. బండి తుడిచే గుడ్డను కూడా రోజూ ఉతికి ఆరేసుకునేవాడు.

సంగతి 1988 ఎండాకాలంలో జరిగింది. యాసంగి వడ్లు అయిపోయాయి, మిల్లు మరమ్మతుకు ఆపారు. సీజనులో రోజూ ఊళ్లు తిరిగే కారు వారానికి ఒక్కసారే షెడ్డులోంచి బయటకు వచ్చేది. కరుణాకర్‌రావు గారి తల్లి రాధాబాయికి కంటి ఆపరేషన్ అయింది. గురువారం గురువారం ఆమెను కరీంనగర్ డాక్టరుకు చూపించి తీసుకురావాలి. ఒక గురువారం రాయమల్లు తాళం తిప్పితే బండి మూలిగింది కూడా లేదు. హమాలీలు నలుగురు నెడితే కదిలింది. ఎల్లేశం బ్యాటరీ తీసుకెళ్లి చార్జి చేసి ఇచ్చాడు. మళ్లీ గురువారం మళ్లీ అదే కథ.

ఈసారి ఎల్లేశాన్ని మిల్లుకే పిలిపించారు. బ్యాటరీ ఆరు గదుల మూతలు తీసి, గాజుగొట్టంతో ఒక్కో గదిలో ఆసిడ్ పీల్చి చూశాడు. బండి నెట్టించి స్టార్టు చేయించి, చార్జి ఎక్కుతున్నదో లేదో చూశాడు. చేతులు తుడుచుకుంటూ అందరి ముందే చెప్పాడు.

"బ్యాటరీ మంచిగున్నది దొరా. బండి మంచిగున్నది. మరి ఎవలో వాడుతున్నరు."

ఆయన ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పక్కర లేకపోయింది. ఆ రోజుల్లో ఆదివారం పొద్దున టీవీ చూడటానికి జనం ఎంత తహతహలాడేవారో, కరెంటు పోతే ట్రాక్టరు బ్యాటరీ మోసుకొచ్చి మరీ ఎలా చూసేవారో అందరికీ తెలుసు. రాయమల్లు ఉండే గల్లీలో పోయిన ఆదివారం అలాగే బ్యాటరీతో టీవీ నడిచింది. అది ఎవరి బ్యాటరీ అని ఎవరూ అడగలేదు. షెడ్డు తాళంచెవి రాయమల్లు దగ్గర ఉండేది, అంతే చాలింది.

రాధాబాయి నల్లద్దాలు సర్దుకుంటూ కారులోకి తొంగిచూసింది. డ్యాష్‌బోర్డు మీద వేములవాడ రాజన్న పటం, దాని ముందు చిన్న ఎర్రబల్బు. ఇంజను ఆపగానే, బ్యాటరీలో సత్తువ లేక ఆ బల్బు కూడా మళ్లీ ఆరిపోయింది.

"దేవుని దీపానికి గూడ మిగల్చలేదుర! ఎంత గుండె!" అంది.

రాయమల్లు ముఖం నల్లబడింది. "పెద్ద దొరసాని, నేను ఈ దేవునికి రోజు పువ్వు పెట్టి బండి తీస్తున్న. నేనెట్ల వాడుత?" అన్నాడు. కరుణాకర్‌రావు గారు చెయ్యి చాపాడు. రాయమల్లు కారుదీ షెడ్డుదీ రెండు తాళంచెవులూ ఆయన చేతిలో పెట్టి, గేటు దాటి వెళ్లిపోయాడు. వెళుతూ ఎల్లేశం వైపు ఒక్కసారి చూశాడు. నేను కాటా రాళ్లు సర్దుతున్నట్టు తల వంచుకున్నాను. నిజం చెప్పాలంటే నేనూ నమ్మాను. తొమ్మిదేళ్లు చూసిన మనిషి కంటే ఒక్క మాట బలంగా పనిచేసింది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఎల్లేశం బ్యాటరీ మళ్లీ చార్జి చేసి బిగించి వెళ్లాక, ఆ వారమంతా షెడ్డు తాళంచెవి దొర జేబులోనే ఉంది. కారును ఎవరూ ముట్టలేదు. గురువారం కరీంనగర్ తీసుకెళ్లడానికి ట్రాక్టరు తోలే లింగమూర్తిని పిలిచారు. తాళం తిప్పితే బండి ఉలకలేదు, పలకలేదు.

"వాని కాడ ఇంకో తాళంచెవి ఉన్నదేమో," అన్నాడు కరుణాకర్‌రావు గారు. పెద్దమనుషులకు ఒకసారి వచ్చిన అనుమానాన్ని వెనక్కి తీసుకోవడం కష్టం. మళ్లీ పిలిపించిన ఎల్లేశం మాత్రం కారు బానెట్ వంక చూశాడు. ఎవరూ ఎత్తిన గుర్తు లేకుండా, దాని మీద వారం నాటి దుమ్ము అలాగే ఉంది.

ఆ సాయంత్రమే చార్జి చేసిన బ్యాటరీ, ఒక చిన్న బల్బు, రెండు వైరు ముక్కలు తెచ్చాడు. అన్నీ ఆపి, తలుపులన్నీ మూసి, బ్యాటరీ నుంచి ఒక వైరు విప్పి, ఆ సందులో తన బల్బు కలిపాడు. బండిలో ఎక్కడా కరెంటు ఖర్చు లేకపోతే ఆ బల్బు వెలగకూడదు. వెలిగింది. మసకగానే, కానీ వెలిగింది.

"మనిషి కాదు," అన్నాడు నాతో మెల్లగా. "బండిలనే ఉన్నది. బిళ్ల మిగిలినట్టే, ఏదో ఒకటి ఇంక కిందనే ఉన్నది."

ఫ్యూజులు ఒక్కొక్కటే పీకాడు. బల్బు ఆరలేదు. అన్నీ పీకేశాక కూడా ఆరలేదు. అప్పుడు విప్పిన వైరు మళ్లీ బిగించి, డ్రైవరు సీటు తలుపు తెరిచి, రాజన్న పటానికి అలవాటుగా దండం పెట్టుకుని, చేతులు కళ్లకద్దుకుని లోపల కూర్చున్నాడు. బత్తీల గదిలో కూర్చున్నట్టే కూర్చుని వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"ముందట పెద్దయి రెండు. చిన్నయి రెండు. ఎనుక రెండు. బ్రేకుయి రెండు. నంబరు బోర్డుది ఒకటి. మీటరుది. లోపల పైది..."

వేలు అక్కడే ఆగిపోయింది. ఎదురుగా దేవుడి ముందు ఎర్రబల్బు నిమ్మళంగా వెలుగుతోంది. ఇప్పుడే తను దండం పెట్టింది దానికే.

ఆయన ఆ ఎర్రబల్బును ఊడదీసి, వెళ్లి తన చిన్న బల్బు మళ్లీ కలిపాడు. ఈసారి అది వెలగలేదు.

ఆ దీపం పెట్టింది ఎల్లేశమే. రెండేళ్ల కింద రాధాబాయి పెట్టించింది. మొదట తాళంతో వెలిగేలా పెడితే ఆమె ఒప్పుకోలేదు. "తాళం తీస్తే ఆరే దీపం దీపమేనా? దేవుని ముందట దీపం మనిషి చేతితోని ఆర్పుతరా?" అంది. నిజమే కదా అనుకుని, ఎల్లేశం వైరును ఫ్యూజులతో పనిలేకుండా నేరుగా బ్యాటరీ నుంచే లాగాడు. కారు రోజూ తిరిగినన్నాళ్లు ఆ చిన్న బల్బు ఒక ఖర్చే కాదు. ఆరు రోజులు కదలకుండా నిలబడితే, రాత్రింబగళ్లు అదే బ్యాటరీని ఖాళీ చేసింది. ఆ దీపాన్ని అందరం చూస్తూనే ఉన్నాం. కానీ అది కూడా కరెంటు తినే వస్తువే అని మాలో ఎవరికీ తట్టలేదు. దేవుడి దీపాన్ని ఎవరు లెక్కలోకి తీసుకుంటారు?

"పన్నెండేండ్లు బత్తీల లెక్కనే చూసిన," అన్నాడు ఎల్లేశం. "నేను పెట్టిన బత్తి నాకే కనబడలే. అడ్డమైన మాట అని మనిషిని రోడ్డు మీద పడేసిన."

ఎవరికీ తెలియకుండా వైరు మార్చేసి, బండి బాగైందని చెప్పి ఊరుకోవచ్చు. ఆ ఆలోచన నాకు వచ్చింది, ఆయనకు వచ్చిందో లేదో అడగలేదు. మర్నాడు పొద్దున మిల్లు గేటు దగ్గర, అదే చోట, అదే హమాలీల ముందు నిలబడి చెప్పాడు.

"దొరా, రాయమల్లు తప్పు లేదు. తప్పు నాది. దేవుని దీపం నేను సీదా బ్యాటరీకి కలిపిన. అదే గుంజింది."

కరుణాకర్‌రావు గారు ఒక్క క్షణం ఇబ్బందిపడి, "సరే తియ్యి, దానికేముంది. వాణ్ణి పనికి రమ్మను," అన్నాడు. దానికేముందట! నాకు ఒళ్లు మండింది. నా నోరు మాత్రం ఆ రోజు కూడా పెగల్లేదు.

రాధాబాయి ఊరుకోలేదు. "దేవుని దీపం తప్పు చేసిందంటవా ఎల్లేశం?"

"దీపం తప్పు చెయ్యలే దొరసాని. నేను చేసిన. దాన్ని లెక్కల పట్టలే."

ఆమె నల్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "మనిషిని ఎల్లగొట్టి ఎలిగే దీపం నాకెందుకు? తాళంతోనే ఎలిగేటట్టు పెట్టు. దేవుడేమనుకోడు," అంది.

ఎల్లేశం నన్ను వెంటబెట్టుకుని రాయమల్లు ఇంటికి వెళ్లాడు. రాయమల్లు గడపలో కూర్చుని ఉన్నాడు. అంతా విన్నాడు. పనికి రమ్మన్నారన్న మాట కూడా విన్నాడు. లోపలికి చూశాడు. ఆయన భార్య బాలవ్వ బయటకు వచ్చింది.

"పని ముచ్చట తర్వాత," అంది. "ఎనిమిది దినాలాయె అన్నా, నేను నల్లా కాడికి పోక. మీకేంది, దొర కారు కరెంటుతోని టీవీలు చూస్తరు అని నవ్వుతున్నరు. మిట్టమధ్యానం చేను కాడి బాయికి పోయి నీళ్లు తెచ్చుకుంటున్న. దొర కాడ చెప్పినవ్, మంచిదే. నల్లా కాడ ఎవలు చెప్పాలె?"

ఎల్లేశం తల వంచుకుని వచ్చేశాడు.

మర్నాడు పొద్దున ఆ గల్లీ నల్లా దగ్గర, ఆడవాళ్ల వరసలో, ఖాకీ అంగీ వేసుకుని, చేతిలో ఇత్తడి బిందె పట్టుకుని ఎల్లేశం నిలబడి ఉన్నాడు. వచ్చిన ప్రతి మనిషికీ చెప్పాడు. "దొర బ్యాటరీ రాయమల్లు వాడలే. నేనే తప్పు చేసి, ఆయన మీద మాట పడేసిన." మొదట కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. కనకవ్వ అనే ఆమె, "చెప్పుడైపాయె గద, ఇగ లైన్ల నుంచి జరుగు," అంది.

"నీ ఎనుక వచ్చేటోళ్లకు ఎవలు చెప్పాలె అవ్వా?" అన్నాడు.

రెండో రోజూ వచ్చాడు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. మూడో రోజు బాలవ్వ బిందె పట్టుకుని వచ్చింది. ఎవరి వైపూ చూడకుండా వరసలో ఎల్లేశం వెనక నిలబడింది. ఆయన వంతు వచ్చినప్పుడు పక్కకు జరిగి, "నువ్వు పట్టుకో చెల్లె," అన్నాడు.

"నీ వంతు నువ్వు పట్టుకో అన్నా," అంది బాలవ్వ. "నాకు నా వంతు చాలు."

ఎల్లేశం బిందె నింపుకుని పక్కకు జరిగాడు. బాలవ్వ తన బిందె నల్లా కింద పెట్టింది.