బుల్లిరాజుగారి మీద రాసిన వాక్యం

మొగల్తూరు శివారులో రెండెకరాలు చేసుకునే బుల్లిరాజుగారికి కోపం రాదని ఊరంతా అనేది. రాకేం, వచ్చేది. బయటపడటానికే మొహమాటపడేది. బస్సులో ఎవరైనా కాలు తొక్కితే, "పర్లేదండి, రెండోది ఉందిగా" అనేవారు.

హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే విశ్వనాథ్ మాస్టారికి ఒక పట్టింపు ఉండేది. మాటకు అర్థం నిఘంటువులోంచి తెచ్చుకోవచ్చు, ప్రయోగం మాత్రం ఊళ్లోంచే తేవాలి. గైడు చూసి రాస్తే సున్నా. తొంభై ఆరులో పాఠంలో 'కామ్' అన్న మాట వచ్చింది. అర్థం: ప్రశాంతమైన. ప్రయోగం: బుల్లిరాజు ఈజ్ కామ్. అప్పటినుంచి ఏటా ప్రతి తరగతీ ఆ వాక్యాన్ని గట్టిగా వల్లె వేసేది.

మొదట్లో బుల్లిరాజుగారికి ముచ్చటేసింది. ఆ తర్వాతే చిక్కొచ్చింది. పిల్లలు చూస్తుండగా గింజలు తినే కోడిని అదిలించడానికి కూడా ఆయనకు నోరు పెగిలేది కాదు.

రెండువేల ఒకటిలో దాళ్వా పంటకు కాలువ నీళ్లు చాలక వంతులు పెట్టారు. బుల్లిరాజుగారి వంతు మంగళవారం, శుక్రవారం. వరి చేను పొట్ట మీదుంది, ఇప్పుడు తడి అందకపోతే పండేది గింజలేని తాలే. ఆ శుక్రవారం ఎగువ రైతు చిట్టియ్య, చేలకు నీళ్లు తెచ్చే బోదెకు అడ్డంగా మట్టేసి, నీళ్లన్నీ తన చేలోకి మళ్లించుకున్నాడు.

"చిట్టియ్యగారూ, ఇవాళ వంతు మాదనుకుంటానండి" అన్నారు బుల్లిరాజుగారు.

"ఆయ్, మీదేనండి. ఓ గంటలో వదిలేస్తాను. మీరు కంగారుపడే మనిషి కాదు కదండీ, బళ్లో కూడా చెబుతున్నారు."

ఆ గంట సాయంత్రం దాకా సాగింది. మంగళవారం పొద్దున్న మళ్లీ అదే మట్టి, అదే గంట. చేను నెర్రెలిచ్చింది. ఇంటికొస్తే భార్య సంపూర్ణమ్మ అన్నం పెడుతూ, "ఆ శాంతాన్నే చేలోకి పెట్టండి, తడుస్తుందేమో" అంది.

ఆయన చెయ్యి కడిగేసుకుని తిన్నగా బడికి వెళ్లారు. తరగతి గుమ్మంలో నిలబడ్డారు.

"మాస్టారూ, ఆ వాక్యంలోంచి నా పేరు తీసెయ్యాలండి."

"ఏమైందండి?"

"నేను కామ్ కాదండి. ఐదేళ్లనుంచీ పళ్లు నూరుకుంటున్నాను. పిల్లలకి తప్పు చెబుతున్నారండి."

తప్పు అనేసరికి మాస్టారు తట్టుకోలేకపోయారు. వెంటనే ఆ వాక్యం కొట్టేయమని పిల్లలకు చెప్పారు. చివరి బెంచీవాడు కూడా కొట్టేశాడని చూసుకుని, దణ్ణం పెట్టి, బుల్లిరాజుగారు బోదె దగ్గరికి నడిచారు.

"ఒరే చిట్టియ్యా! ఆ మట్టి తీస్తావా, నిన్ను తీసుకెళ్లి అందులో కుక్కమంటావా?"

చిట్టియ్య చేతిలో పార జారి కాలి మీద పడింది. రెండోది ఉందిగా అనలేదు. కుంటుకుంటూనే మట్టంతా తీసేశాడు. నీళ్లు చేలోకి దిగుతుంటే చూస్తూ బుల్లిరాజుగారు గట్టు మీద కూర్చుండిపోయారు.

బడి వదిలాక మాస్టారు సైకిలేసుకుని వచ్చారు.

"ఇప్పుడెలా ఉందండి?"

బుల్లిరాజుగారు కాసేపు తనలోకి తను చూసుకున్నారు.

"లోపల ఏమీ లేదండి. ఇన్నాళ్లూ ఏదో ఒకటి ఉడుకుతానే ఉండేది."

"దాన్నే కామ్ అంటారండి. రేపు మీ పేరు మళ్లీ రాయించేస్తాను" అన్నారు మాస్టారు సంబరంగా.

బుల్లిరాజుగారు గబుక్కున లేచి ఆయన సైకిలు హ్యాండిలు పట్టుకున్నారు.

"అంత పని చెయ్యకండి మాస్టారూ. శుక్రవారం మళ్లీ వంతుంది."