రాణి రానిదే రాజు కూర్చోనన్నాడు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది, లోకంలో ఎంతటి తగవైనా మంచి తెలుగులో నాలుగు మాటలు చెబితే తీరిపోతుందని. బీయీడీ ముగించి ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచరుగా కొత్తగా చేరిన రోజులవి. ఏడో తరగతి పిల్లలు నా మాట వినేవారు కాదన్నది వేరే సంగతి (వెనక బెంచీల వాళ్ళయితే నేనొకదాన్ని అక్కడ ఉన్నట్టు గమనించేవారు కూడా కాదు). అయినా నమ్మకం నమ్మకమే. భుజాన సంచీ తగిలించుకుని వీధిలో నడుస్తుంటే, చదువులతల్లి సెలవు పెట్టి పోతూ బాధ్యతలన్నీ నాకే అప్పగించినట్టు ఉండేది నా వాలకం. సరిగ్గా అప్పుడే మా వీధి రాజుకు ఎనభై ఏళ్ళు నిండాయి.

రాజంటే కోటా పేటా ఉన్న రాజు కాదు. మాది మగ్గాల వీధి. ఆయనా అందరిలాగే పొద్దంతా మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని చీరలు నేసేవాడు. కానీ చుట్టుపక్కల ఏ ఊళ్ళో తిరునాళ్ళకు నాటకం పెట్టినా రాజు వేషం మాత్రం ఆయనదే. నాటకం మారేది, రాజ్యం మారేది, రాజు మారేవాడు కాదు. నా చిన్నప్పుడే కాదు, మా అమ్మ చిన్నప్పుడూ ఆయనే ఏలాడు. దాంతో అసలు పేరు జనం మరిచిపోయి రేషను షాపులో కూడా "రాజుకు బియ్యం కొలువప్పా" అనేవారు. తెల్లటి కోరమీసం, వెడల్పాటి ఛాతీ. గుంతలోంచి లేచి టీ తాగడానికి పోతున్నా దర్బారుకు పోతున్నట్టే ఉండేది. ఎనభై ఏళ్ళ ఆయుష్షుకూ, అంతకాలం చెక్కుచెదరని ఆ ఏలుబడికీ పండగ చేయాలని వీధంతా అనుకుంది. ట్రాక్టరు మీద ఊరేగింపు, పెళ్ళిపందిట్లో వేసే ఎర్ర మెత్తల కుర్చీ సింహాసనం, ఆదోని నుంచి అద్దెకు కొత్త కిరీటం. వీధి భజన సంఘానికి సెక్రెటరీ అయిన మా మేనమామ (ఆయన అందరికీ సెక్రెటరీ మామే) అన్నీ సిద్ధం చేసి, సన్మాన ప్రసంగం నాకు అప్పగించాడు. నేను రాజాధిరాజులతో మొదలుపెట్టి ఊపిరాడని సమాసాలతో రాసుకున్నాను.

తీరా పిలవడానికి పోతే రాజు అడ్డం తిరిగాడు. "అంతా బాగుండాది గాని, నా పక్కన ఎవరు కూసుంటారు?" అన్నాడు మగ్గం ఆపకుండానే.

"పక్కన ఎవరెందుకన్నా? సింహాసనం నీది ఒక్కడిదే కదా," అన్నాడు మామ.

"రాణి లేకుండా కూసోడానికి నేనేం దిష్టిబొమ్మనా? ఆయప్ప వస్తేనే కూసుంటా. లేకుంటే ఆ కుర్చీలో నువ్వే కూసో."

రాణిని పట్టుకుని ఆయప్ప, అంటే ఆయన, అన్నాడని చదివేవారు కంగారు పడకూడదు. ఆ నాటకాల్లో ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టేవారు. మా రాజు పక్కన ఎప్పుడూ రాణిగా వేసింది గోనెగండ్ల రైతు ఒకాయన. ఆ కాలంలో ఆయన చీర కట్టి దీపాల ముందుకొస్తే ఆడవాళ్ళే ఆ కట్టు చూసి నేర్చుకునేవారట. ఇద్దరూ ప్రాణస్నేహితులు. ఎందుకో మరి, ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఎందుకని అడిగితే రాజు మగ్గం ఇంకా గట్టిగా ఆడించేవాడు, ఆ చప్పుడులో మన ప్రశ్న మనకే వినపడేది కాదు.

మామ దిగాలుగా అరుగు మీద కూలబడ్డాడు. టెంటు వేయించాడు, ట్రాక్టరు మాట్లాడాడు, ఊరంతా చెప్పేశాడు. "ఆ గోనెగండ్లాయన మీసాలు పెంచి కూసున్నాడంట పాపా. రాజు పేరెత్తితే గొడ్లను తోలినట్టు తోల్తాడంట. ఎవరు పోతారు?" అన్నాడు. "నేను పోతాను," అన్నాను. చెప్పాను కదా, నా తెలుగు మీద నాకు అంత నమ్మకం.

ఆదివారం పొద్దున స్కూటీ మీద బయల్దేరాను. దారి పొడవునా ఆయన్ని ఏమని పిలవాలా అన్నదే ఆలోచన. పెద్దాయనా అందామా, తాతా అందామా, అయ్యా అందామా అని రకరకాలుగా పలికి చూసుకున్నాను. తీరా ఇంటి ముందు ఎద్దుకు నీళ్ళు పెడుతున్న బుర్రమీసాల మనిషిని చూడగానే నా నోట్లోంచి వచ్చిన మాట "నమస్కారం రాణి తాతా" అని. ఆయన బక్కెట్టు కింద పెట్టాడు. నన్ను తేరిపార చూశాడు. ఎద్దు కూడా చూసింది.

"ఎమ్మిగనూరా?" అన్నాడు.

"అవును తాతా."

"వాడు పంపినాడా?"

వాడు పంపలేదని, వీధి పంపిందని, ఎనభై ఏళ్ళ పండగని, స్నేహం అనే పదానికి వ్యుత్పత్తి ఇదని, నేను సిద్ధం చేసుకున్నదంతా ఏకరువు పెట్టాను. ఆయన అడ్డం రాకుండా విన్నాడు. అంతా అయ్యాక నన్ను మంచం మీద కూర్చోమని, చెంబుతో మజ్జిగ ఇచ్చి, తన కథ చెప్పాడు. ఒకసారి మద్దికెరలో నాటకం. తెల్లవారింది. ఈయన చీర కూడా విప్పకుండా తెర వెనకే అలసి నిద్రపోయాడు. రాజు అందరి బట్టలూ ఉన్న ట్రంకుపెట్టెను పత్తి లారీ మీద వేయించుకుని, రాణి సంగతి మరిచి, ఎమ్మిగనూరు పోయాడు. ఈయన లేచి చూస్తే పంచె లేదు, చొక్కా లేదు. పట్టపగలు, పట్టుచీరలో, సగం కరిగిన పౌడరుతో బస్సులు మారుతూ గోనెగండ్లకు రావాల్సి వచ్చింది.

"ఒకామె లేసి సీటిచ్చింది. కూసున్నా. కండక్టరొచ్చి యాడికి పోవల్లమ్మా అన్నాడు. గోనెగండ్ల అన్నాను నా గొంతుతోనే. ముందు సీట్లో సంటిపిల్లోడు జడుసుకోని ఏడిసినాడు. ఆ పొద్దు నుంచి ఊర్లో పిల్లోళ్ళు కూడా రాణెమ్మ పోతాందని ఎగతాళి. నా కూతురి సంబంధానికొచ్చినోళ్ళు కూడా రాణెమ్మ ఇల్లు ఇదేనా అని అడిగినారు." మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. "అందుకే ఇది పెంచింది."

నేను పెదవి కొరికి పట్టుకుని, "మరిచిపోయినాడు పాపం తాతా, కావాలని చేయలేదు," అన్నాను.

"మర్సిపోయినందుకు కాదు పాపా. మనిషన్నాక మర్సిపోతాడు. ఈ సంగతి సెప్పుకుందామని పోతే, నవ్వినాడు. ఆపకుండా నవ్వినాడు." లేచి ఎద్దు మెడ నిమిరాడు. "నేను రావల్లంటే ఒకటే దారి. వాడు చీర కట్టుకోని, పగలే, బస్సెక్కి, ఈడికొచ్చి పిలవల్ల. పో, సెప్పు."

తిరుగు దారిలో నా భాషాజ్ఞానమంతా ఈ కబురును మెత్తబరచడానికే వాడాను. "వారు తమరిని సముచిత వేషధారణతో స్వయంగా విచ్చేయమన్నారు తాతా," అన్నాను రాజుతో. ఆయన నా ముఖం చూసి, "అర్థమయ్యేటట్టు సెప్పు పాపా," అన్నాడు. చెప్పాను. మగ్గం ఆగిపోయింది. పక్కింటి మగ్గం చప్పుడు ఒక్కటే వినిపించింది. కోపమొస్తుందనుకుని గుమ్మం వైపు జరిగాను.

"చీరలో రమ్మన్నాడా?"

"ఆఁ తాతా."

"రంగేమైనా సెప్పినాడా?"

"లేదు తాతా."

"అయితే మన ఇష్టమే," అని గుంతలోంచి లేచి లోపలికి కేకేశాడు, "ఇదో, ఒక చీర తీయ్."

ఆయన భార్య, మేమంతా అవ్వ అని పిలిచే మనిషి, సంగతంతా తలుపు చాటున వింటూనే ఉంది. "నా పట్టుచీర ఇయ్యను, చింపుకోని వస్తావు. నూలుచీర కట్టుకో," అంది. మరునాడు పొద్దున ఆమే కట్టింది. నవ్వాపుకోలేక ఆమె చేతుల్లో కుచ్చిళ్ళు నిలవలేదు. ఎలాగో దోపి వదిలింది. మామ పరుగెత్తుకొచ్చి ఆటో పిలుస్తానన్నాడు. "ఆయప్ప బస్సులో పోయినాడు. నేనూ బస్సులోనే పోతా," అన్నాడు రాజు. పోనీ కొంగు ముఖం మీదికి లాక్కోమన్నాం. "ముసుగేసుకుంటే దొంగతనంగా పోయినట్టయితాది," అన్నాడు. అలా తెల్లటి కోరమీసంతో, నేతచీరతో ఆయన ముందూ, బడికి సెలవు పెట్టి సంచీతో నేను వెనకా, ఎమ్మిగనూరు బస్టాండుకు నడిచాం. దారిలో ఒక్కరు కూడా నవ్వలేదు. అంత దర్జాగా నడుస్తుంటే నవ్వాలో నమస్కారం పెట్టాలో జనానికి తెలియలేదు.

బస్సులో కండక్టరు ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఏం తాతా, ఈ వేషమేంది?" అన్నాడు. (ఆడవాళ్ళకు బస్సులు ఉచితమైన ఈ రోజుల్లో అయితే ఇంకో తగవు కూడా అయ్యేది.)

"మొక్కుబడి," అన్నాడు రాజు.

పక్క సీటులోని ముసలామె వెంటనే చెంపలేసుకుంది. "ఏ సామికప్పా?"

"గోనెగండ్ల సామికి."

"ఆడ ఏ సామి ఉండాడు? నేనెప్పుడూ ఇనలేదే."

"ఉండాడు తల్లీ. శానా కోపిష్టి."

ఆమె తన మనవడి ఉద్యోగం గురించి కూడా ఆ సామికి ఒక మాట చెప్పమని కోరింది. రాజు గంభీరంగా తల ఊపాడు. నేను కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నాను, ఎవరైనా నా బడి పిల్లల తల్లిదండ్రులు ఎక్కకూడదని మనసులో దండాలు పెట్టుకుంటూ. పక్కన ఆయన గొంతు తగ్గించి, "పాపా, ఈ చీర కట్టుకోని ఆడోళ్ళు పనులెట్ల జేస్తారో. కాలు ముందుకు పడదు. ఆయప్ప దీంతోనే బస్సులు మారినాడా?" అన్నాడు.

బస్సు దిగేటప్పుడు మెట్టు మీద చీర కాలికి తగిలి కుచ్చిళ్ళు సగం జారాయి. ఆయన ఒక చేత్తో అవి పట్టుకుని, ఇంకో చేత్తో మీసం సవరించుకుని నిలబడ్డాడు. ఎదురుగా టీ హోటలు. బెంచీ మీద రాణి తాత చేతిలో గ్లాసుతో కూర్చుని ఉన్నాడు. హోటల్లో మాటలన్నీ ఆగిపోయాయి. ఎవడో ఈల వేయబోతే రాణి తాత అటు తిరిగి ఒక్క చూపు చూశాడు, ఈల మధ్యలోనే చచ్చింది. గ్లాసు బెంచీ మీద పెట్టి, లేచి, మెల్లగా మా దగ్గరికి వచ్చాడు. ఇప్పుడు కడుపారా నవ్వుతాడు, బాకీ తీర్చుకుంటాడు అనుకున్నాను.

ఆయన నవ్వలేదు. రాజు నడుము దగ్గర చూసి మొహం చిట్లించాడు. "కుచ్చిళ్ళు ఇట్లనా పెట్టేది? అన్నేండ్లు నా పక్కన కూసోని ఇదేనా నువ్వు నేర్సుకున్నింది?" అని, ఆ బస్టాండు దుమ్ములో మోకాళ్ళ మీద కూర్చుని, కుచ్చిళ్ళన్నీ విప్పి, వేళ్ళతో ఒక్కొక్కటి మళ్ళీ మడత పెట్టడం మొదలుపెట్టాడు. ఆ వేళ్ళు ఏదీ మరిచిపోలేదు.

"తప్పయిపోయినాది రా," అన్నాడు రాజు పైనుంచి.

"నోరు మూసుకోని కదలకుండా నిలబడు. మల్లా పోతాయి."

రాజు నోరు మూసుకున్నాడు. ఆయన ఎవరి మాటైనా వినడం నేను చూసింది అదే మొదలు. కళ్ళ నీళ్ళు మీసంలోకి దిగుతున్నా తుడుచుకోలేదు, కదలొద్దన్నాడు కదా.

పండగ రోజు సాయంత్రం ట్రాక్టరు మీద రాజూ రాణీ పక్కపక్కన ఊరేగారు. మామ రాణిని మీసం తీయమని బతిమాలాడు. "తీయను. రాణికి మీసముంటే రాజ్యం మునిగిపోతాదా?" అన్నాడాయన, పైన చీర కప్పుకుని. నేను నా ప్రసంగం చదివాను. చప్పట్లు బాగానే పడ్డాయి, ముగిసినందుకు. ఆ తర్వాత రాజు లేచి, కిరీటం సర్దుకుని పద్యం ఎత్తుకున్నాడు. రెండో పాదంలో మాట తప్పింది. నోరు తెరిచే ఉంది, మాట రాదు. పందిరంతా బిగుసుకుపోయింది. అప్పుడు పక్కనుంచి రాణి తాత, ముందు మైకు ఉన్న సంగతి తెలియక, కొంగు చాటున తర్వాతి మాట అందించాడు. అది నాలుగు లౌడు స్పీకర్లలో మోగింది. రాజు అందుకున్నాడు. మళ్ళీ తప్పింది, మళ్ళీ అందించాడు. ఆ కాలమంతా ఆ రాజ్యం ఎట్లా నడిచిందో ఊరందరికీ ఒక్కసారిగా తెలిసిపోయింది. వీధి వీధంతా లేచి నిలబడి ఈలలు వేసింది. రాజు సిగ్గుపడలేదు. పద్యం చివర రాగం తీస్తూ చెయ్యి రాణి భుజం మీద వేశాడు.

పొద్దు గూకుతుండగా రాణి తాతను బస్సెక్కించడానికి బస్టాండుకు పోయాం. రాజు కిరీటం తీయడం మరిచి అట్లాగే వచ్చాడు. బస్సు కదలబోతుండగా, "ఆ పిల్లోళ్ళను నేనొకసారి సూడల్ల, రాణెమ్మ అన్నోళ్ళను," అంటూ తనూ ఎక్కేశాడు. వాళ్ళకు గడ్డాలొచ్చి పెళ్ళిళ్ళయి పిల్లలు పుట్టుంటారన్న మాట ఎవరూ గుర్తు చేయలేదు. ఇద్దరూ ఒకే సీటులో కూర్చున్నారు. మద్దికెర మాట వచ్చినట్టుంది, ఈసారి ఇద్దరూ కలిసి నవ్వడం కిటికీలోంచి కనిపించింది. నన్ను రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మని కూడా అనలేదు. ఇద్దరు పెద్దమనుషులను కలిపిన ఘనురాలిని కదా, ఒక్క మాటైనా చెప్పి పోతారని బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి సగం ఎత్తి నిలబడ్డాను.

ఇప్పుడు ఆదోనిలో నా బడికి పోతూ వస్తూ బస్టాండుల్లో నిలబడినప్పుడు, చెయ్యి సగం ఎత్తుకుని నిలబడ్డ ఆ పిల్ల ఒక్కోసారి కళ్ళముందు మెదులుతుంది. భుజాన సంచీ, అందులో రాజాధిరాజులు, ముఖంలో అంత గర్వం, అంతలోనే కొంచెం చిన్నబోవడం. ముసలివాళ్ళిద్దరికీ ఏనాటి నుంచో కావలసింది ఒక సాకు మాత్రమేనని, ఆ సాకు నీ తెలుగు కాదని ఆ పిల్లకు ఎవరు చెప్పాలి? చెప్పినా వినే రకం కాదు. చెంపలు రెండూ నిమిరి, "ఇంక ఇంటికి పోవే తల్లీ, మీ అమ్మ ఎదురు చూస్తుంటుంది," అనాలనిపిస్తుంది, అంతే.